హాల్ టికెట్ రాదని చెప్పాల్సిన లెక్చరర్‌కి సాయం ఎవరు చేస్తారు?

సెమిస్టర్ చివరి రెండు వారాల్లో చెన్నైలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళినా ఒకటే గొడవ. అటెండెన్స్ లిస్టు బయటికొస్తుంది, 75 శాతం అందక హాల్ టికెట్ ప్రమాదంలో పడ్డవాళ్ళ పేర్లు నోటీసు బోర్డెక్కుతాయి, ఇక అక్కణ్ణుంచి క్లాస్ అడ్వైజర్‌కి పాఠం చెప్పడం పక్కపని అయిపోతుంది. పిల్లలు వస్తారు, బతిమాలతారు, వాదిస్తారు, ఎక్కణ్ణుంచో మెడికల్ సర్టిఫికెట్లు పట్టుకొస్తారు. వాళ్ళ వెనకాలే ఊళ్ళ నుంచి అమ్మానాన్నలు దిగుతారు. నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగి, పార్క్ స్టేషన్లో తాంబరం వైపు లోకల్ పట్టుకుని, ఆ పైన షేర్ ఆటోలో కాలేజీ గేటు దాకా వచ్చేసరికి సాయంత్రం కావస్తుంది. వచ్చినాయనకి తమిళం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. డిపార్ట్‌మెంట్ పెద్ద అయిన హెచ్ఓడీకి తెలుగు రాదు. దాంతో పక్క క్యాబిన్లో పేపర్లు దిద్దుకుంటున్న తెలుగు లెక్చరర్‌ని పిలుస్తారు. ఆవిడ ఆ అబ్బాయికి పాఠం చెప్పే మనిషి కూడా కాకపోవచ్చు.

"మనవాళ్ళే కదమ్మా, మీరు చెప్తే సార్ వింటారు" అంటాడు తండ్రి. ఆవిడ చెప్తే సార్ వినరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, సార్‌కి తెలుసు, తెలియనిది ఆ తండ్రి ఒక్కడికే.

ఇలాంటి చోట లెక్చరర్‌కి ఏం కావాలి అని అడిగితే చాలామంది చెప్పే జవాబు కమ్యూనికేషన్ స్కిల్స్. ఓర్పుగా వినాలి, గొంతు పెంచకూడదు, ఎదుటి మనిషి వైపు చూసి మాట్లాడాలి. ఇవన్నీ మంచివే, కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ కాలేజీల్లో ఇలాంటి మాటలు చెడేది గొంతు పెరగడం వల్ల తక్కువ, తన చేతిలో ఏముందో తేల్చుకోకుండా కూర్చోవడం వల్ల ఎక్కువ. నిర్ణయం ముందే అయిపోయిందా, ఇంకా కావాలా? అయిపోతే ఎవరు చేశారు, మార్చే అధికారం ఎవరికుంది? ఇది తెలియకుండా కుర్చీలో కూర్చున్న లెక్చరర్ ఎంత తియ్యగా మాట్లాడినా, చివరికి లేని ఆశ పెట్టడమో, ఉన్న దారి మూసెయ్యడమో ఏదో ఒకటి జరిగిపోతుంది.

అటెండెన్స్ సంగతే చూడండి. అన్నా యూనివర్సిటీ లెక్కలో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్ళకి అనారోగ్యం, ఆటల పోటీలు లాంటి కారణాలకి తగిన కాగితాలుంటే మినహాయింపు దొరకొచ్చు. అంతకన్నా తక్కువైతే పరీక్షకి కూర్చోనివ్వరు. బెంగళూరు వైపు వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కాలేజీల్లో లెక్క 85 నుంచి మొదలవుతుంది, పది శాతం దాకా మాఫీకి వీలుంటుంది. అంటే చెన్నైలో 71 శాతం ఉన్న అమ్మాయితో మాట్లాడే మాట వేరు, 58 ఉన్న అబ్బాయితో మాట్లాడే మాట వేరు. మొదటిది కనుక్కునే మాట: ఏం జరిగింది, ఏ కాగితాలున్నాయి, ఎప్పటిలోగా తేగలవు. రెండోది తెలియజేసే మాట, అక్కడ కారణం ఎంత గట్టిదైనా ఫలితం మారదు.

మారదని తెలిసీ అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతారు, అదే ఇందులో ఉన్న చిక్కు.

"ఎందుకురా ఇన్ని రోజులు రాలేదు?"

వాడు కాసేపు నేల చూపులు చూసి, "నాన్నకి యాక్సిడెంట్ అయింది సార్. షాపు చూసేవాళ్ళు లేక నెలన్నర ఊళ్ళోనే ఉండిపోయా" అంటాడు.

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదరా."

"ఇప్పుడు చెప్తున్నా కదా సార్. ఏదో ఒకటి చెయ్యండి."

"రూల్ రూలేరా. నా చేతిలో ఏం లేదు."

ఏం లేనప్పుడు అడగడం దేనికి? హాస్టల్లో రూమ్‌మేట్‌కి కూడా చెప్పుకోని ఇంటి సంగతిని వాడి చేత బయటపెట్టించి, దాన్ని తూచి, చాలదని వెనక్కి పంపినట్టయింది. ఇకపై వాడు ఎవరికీ ఏమీ చెప్పడు. లెక్చరర్ మాత్రం తను సానుభూతిగానే మాట్లాడాననుకుంటూ ఇంటికి వెళ్తాడు.

అవే మాటల్ని ముందువెనకలు చేస్తే చాలు. "కూర్చో. నీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. నీ అటెండెన్స్ 58 ఉంది, ఈ సెమిస్టర్ పరీక్షలు రాయడానికి కుదరదు. ఇది యూనివర్సిటీ రూలు, నేను గానీ హెచ్ఓడీ సార్ గానీ మార్చలేం." ఇంతే. తర్వాత ఆగాలి. ఆ ఆగడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే లెక్చరర్‌కి గంటల తరబడి మాట్లాడటం అలవాటు గానీ నిమిషం పాటు ఊరుకోవడం అలవాటుండదు, ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి "ఏం పర్లేదులే, ఒక సెమిస్టరేగా" లాంటి మాట ఏదో దొర్లిపోతుంది, అవతల వాడి బుర్రలో ఎడ్యుకేషన్ లోన్, ఇంకో ఆర్నెల్ల హాస్టల్ ఫీజు, బ్యాచ్ వెళ్ళిపోతే తనొక్కడే మిగిలిపోవడం గిర్రున తిరుగుతుంటాయి. వాడు ఏదో ఒకటి అన్నాకే మిగతాది. "ఇంట్లో ఏమన్నా ఇబ్బందా? చెప్పాలనుంటేనే చెప్పు. అటెండెన్స్ మార్చలేను గానీ, మళ్ళీ ఈ సబ్జెక్టులు ఎలా పూర్తి చెయ్యాలో చూసుకోవడానికి పనికొస్తుంది." ఇక్కడా అడిగింది అదే ప్రశ్న. కాకపోతే ఈసారి వాడికి జవాబు దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ముందే తెలుసు.

తల్లిదండ్రుల దగ్గర ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. తెలుగు లెక్చరర్ హెచ్ఓడీ మాటని తెలుగులోకి తెచ్చేటప్పుడు తెలియకుండానే మెత్తబరుస్తారు. ఆయన కుదరదన్నది ఈవిడ నోట్లోంచి "కొంచెం కష్టమేనండి, చూద్దాం లెండి" అని వస్తుంది. అంత దూరం నుంచి వచ్చిన పెద్దాయన ముఖం మీద కుదరదని ఎలా అంటాం అన్నది ఆవిడ బాధ, అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆయన ఆ చూద్దాం పట్టుకుని లాడ్జిలో రూమ్ తీసుకుని మర్నాడు మళ్ళీ వస్తాడు, ఎల్లుండి ఎవరో ఎమ్మెల్యే తాలూకా మనిషి చేత ఫోన్ చేయిస్తాడు, మొదటి రోజే అయిపోవాల్సిన దుఃఖం నాలుగు రోజులు సాగుతుంది. ఇంకా కొన్నిచోట్ల తెలుగు వచ్చిన లెక్చరర్ దొరక్కపోతే ఆ పిల్లాడి చేతే చెప్పిస్తారు. ఇది మరీ తమాషా. హెచ్ఓడీ రెండు నిమిషాల పాటు కడిగేసింది కాస్తా తండ్రి చెవిలో "బాగా చదువుకోమంటున్నారు నాన్నా" అయి పడుతుంది.

మధ్యలో కూర్చునే మనిషి మొదటి వాక్యంలోనే తన స్థానం చెప్పుకోవడం మేలు. "అయ్యా, సార్ మాట మీకు, మీ మాట సార్‌కి చెప్పడానికే కూర్చున్నాను. నిర్ణయంలో నా ప్రమేయం లేదు." కటువుగా అనిపిస్తుంది నిజమే. మనవాళ్ళన్న చనువుతో వచ్చిన మనిషికి మొదటి మాటే ఇలా చెప్పడం తెలుగువాళ్ళకి చేతకాని పని. కానీ ఆ తర్వాత ఆవిడ చూపించే ఆదరణ ఎంతైనా, మంచినీళ్ళిచ్చినా, రాత్రి బండి ఎన్నింటికో చూసిపెట్టినా, దాన్ని ఎవరూ హామీగా తీసుకోరు.

ఇక్కడే ఇంకో సంగతి. ఇంజనీరింగ్ రెండో ఏడు దాటినవాళ్ళు దాదాపు అందరూ పద్దెనిమిది నిండినవాళ్ళు, చట్టం దృష్టిలో మేజర్లు. అయినా మన కాలేజీల్లో ఏది జరిగినా ముందు నాన్నకి ఫోన్. హాజరు, మార్కులు, ఫీజు వరకు అది రివాజే, కాలేజీలో చేరేటప్పుడే అందరూ ఒప్పుకున్నదే. ప్రేమ వ్యవహారమో, డిప్రెషన్ మాత్రలో, మతం కులం దాటిన స్నేహమో లెక్చరర్ చెవిన పడినప్పుడు కూడా అదే ఊపులో ఇంటికి ఫోన్ చేస్తేనే ప్రమాదం. కొన్ని ఇళ్ళలో ఆ ఫోన్ తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం వేరు. అది తప్పిస్తే "మీ ఇంట్లో చెప్పనా, ఎవరికి చెప్పమంటావు, అమ్మకా అక్కకా?" అని ముందు ఆ పిల్లనో పిల్లాణ్ణో అడగడానికి పట్టేది అర నిమిషం.

నిర్ణయం ఇంకా కాని మాటల్లో ఈమధ్య ఎక్కువ రచ్చ అవుతున్నవి కాపీ కేసులు. పీహెచ్‌డీ థీసిస్‌లాంటి వాటికి యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2018 నిబంధనలు ఉన్నాయి: ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 అయితే ఆర్నెల్లలోపు సరిదిద్ది ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించే వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. బీటెక్ అసైన్‌మెంటులో చాట్‌జీపీటీ వాడాడేమోనన్న అనుమానానికి ఇంత కొలత లేదు. లెక్చరర్ ఏఐ రాతని పసిగడతానని చెప్పుకునే ఏదో డిటెక్టర్లో పెడితే 87 శాతం ఏఐ అని చూపిస్తుంది, ఆ ప్రింటవుట్ టేబుల్ మీద పడేసి "ఒప్పుకుంటావా లేదా" అంటాడు. ఇలాంటి డిటెక్టర్లు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళ రాతల్ని ఎక్కువగా తప్పుపడుతున్నాయని 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు, అంటే గుంటూరు నుంచి వచ్చి వచ్చీరాని ఇంగ్లీషులో జాగ్రత్తగా రాసిన పిల్లాడే ముందు ఇరుక్కోవచ్చు. "ఈ ఫంక్షన్లో రెండో లూప్ ఎందుకు పెట్టావు? తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగితే పది నిమిషాల్లో నిజం దానంతటదే బయటికొస్తుంది. ఒప్పించడానికి కాకుండా తెలుసుకోవడానికి అడిగితే ఎదుటివాడు కూడా అంత బిగుసుకుపోడు.

అన్నిటికన్నా బరువైన మాట ఇంకోటి ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. "బతకాలని లేదు మేడమ్" అన్న మాట వినగానే లెక్చరర్లు చేసే మొదటి పని మాట మార్చడం, లేదా "ఛ ఛ, అలా అనకూడదు" అని నోరు మూయించడం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం ఒకటి. ఆ భయానికి ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూటిగా అడగమనే చెప్తుంది. "చనిపోవాలని అనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?" అని నెమ్మదిగా అడగొచ్చు, అవునంటే ఒంటరిగా వదలకుండా కౌన్సెలర్ గది దాకా వెంట నడవాలి, "వెళ్ళు, వెళ్ళి కలువు" అని నంబరిచ్చి పంపడం కాదు. కౌన్సెలర్ లేని వేళయితే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, 14416, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవకి కేంద్రస్థానం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్సే. చెన్నైలో 1986 నుంచి స్నేహా అనే స్వచ్ఛంద సంస్థ ఆత్మహత్యల నివారణకే పనిచేస్తోంది. ఈ వివరాలు గోడమీద పోస్టర్లో ఉంటే సరిపోదు, లెక్చరర్ ఫోన్లో సేవ్ అయి ఉండాలి.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి మేడమ్, అప్పుడు చెప్తా" అన్నప్పుడు ఒట్టేస్తే అయిపోయినట్టే. ప్రాణాపాయం ఉంటే చెప్పక తప్పదు, లైంగిక వేధింపు అయితే 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి వెళ్ళే దారుందనీ, మామూలుగా మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలనీ ఆ అమ్మాయికి తెలియజెయ్యాలి. "నువ్వు చెప్పేదాన్ని బట్టి ఒకరిద్దరికి చెప్పాల్సి రావొచ్చు. అలా వస్తే నీకు చెప్పకుండా మాత్రం చెప్పను." ఈ మాట విన్నాక ఆ అమ్మాయి చెప్పకపోవచ్చు కూడా. అయినా ఇచ్చిన మాట తప్పడం కన్నా అదే నయం.

ఇవన్నీ లెక్చరర్లు ఎక్కడ నేర్చుకుంటారు? ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి ఏట్‌కామ్ అనే పేరుతో నైతికత, రోగులతో మాట తీరు పాఠ్యాంశంగా ఉంది. క్యాన్సర్ డాక్టర్లకైతే చెడ్డ వార్త చెప్పడానికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి 2000 నుంచి చలామణిలో ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి ఇంజనీరింగ్‌లో ఎంటెక్, మిగతా సబ్జెక్టుల్లో నెట్ పరీక్ష లాంటి అర్హతలు కావాలి, వాటిలో ఏదీ ఏడుస్తున్న తండ్రితో సంబంధం ఉన్నది కాదు. చేరాక గురు దక్షత పేరుతో నెలరోజుల శిక్షణ ఉంది, 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాల్లో కొత్త విద్యావిధానం మీద ఎనిమిది అంశాల శిక్షణ ఉంది. వాటిలో విద్యార్థుల వైవిధ్యం ఒక అంశం, అంతవరకు సంతోషం.

పెద్ద మార్పు 2025 జులైలో వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, బోధన సిబ్బందికీ మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్స, ప్రమాద సూచనలు గుర్తించడం, సరైన చోటికి పంపడం మీద శిక్షణ ఇవ్వాలి అని అందులో ఉంది. కోర్టు చెప్పింది బాగుంది. భయమల్లా అది కాలేజీకి చేరేసరికి ఏమవుతుందన్నదే: సెమినార్ హాల్లో రెండు గంటల పీపీటీ, వచ్చిన అతిథికి శాలువా, కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం ఫైల్లో పెట్టుకోవడానికి జియోట్యాగ్ ఫొటో, సాయంత్రానికి ఈ-సర్టిఫికెట్.

పీపీటీతో ఇది రాదు. ఈత పుస్తకం చదివి ఈదినట్టుంటుంది. పనికొచ్చేది చిన్న సాధన, ముగ్గురు చాలు: ఒకరు లెక్చరర్, ఒకరు తండ్రి, ఒకరు చూసేవారు. తండ్రిగా కూర్చున్న సహోద్యోగి నిజంగానే తెలుగులో, "మా వాడు అలాంటోడు కాదు మేడమ్, మీరే ఏదో పొరపాటు పడ్డారు" అని దబాయించాలి. మొత్తం సంభాషణ ఆడించక్కర్లేదు, మొదటి రెండు వాక్యాలు, ఆ తర్వాతి నిశ్శబ్దం, ఎదుటి మనిషి మొదటి కోపం. ఈ మూడు నిమిషాలనే నాలుగైదు సార్లు మళ్ళీ మళ్ళీ. మొదటిసారి అందరికీ నవ్వొస్తుంది. రెండోసారికి లెక్చరర్ తను "అంటే... అదేంటంటే..." అంటూ అసలు సంగతికి రావడానికి ఎంతసేపు తీసుకుంటున్నారో ఆవిడకే వినిపిస్తుంది.

అయితే లెక్చరర్ ఎంత సాధన చేసినా కాలేజీ తన వంతు చెయ్యకపోతే దండగ. అంతా కలిపి ఒకే మొత్తంగా ఇచ్చే కన్సాలిడేటెడ్ జీతం మీద ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి యాజమాన్యం తరఫున చేదుమాట చెప్పి వస్తే, సాయంత్రం అదే యాజమాన్యం ఎవరి సిఫార్సుకో లొంగి ఆ నిర్ణయం మార్చేస్తుంది. తర్వాతిసారి ఆవిడ మాటకి విలువేముంటుంది? అందుకే పైవాళ్ళు ముందే తేల్చాల్సినవి ఉన్నాయి, ఏ మినహాయింపు ఎవరిస్తారు, కాగితాలకి ఆఖరు తేదీ ఏది, లెక్చరర్ చెప్పాక దాన్ని ఎవరు మార్చగలరు. ఒక గది కూడా కావాలి. ముప్పై మంది స్టాఫ్ కూర్చునే హాల్లో, పక్క క్యాబిన్లో ఇంకొకరు టిఫిన్ డబ్బా విప్పుతుండగా, ఎవరూ తమ ఇంటి కష్టం చెప్పుకోలేరు.

రాసి పెట్టుకోవడం గురించి ఒక ముక్క. ఒక్కో విద్యార్థితో మాట్లాడినవి రాసే మెంటార్ బుక్కుల్లో 'అటెండెన్స్ పెంచుకోమని సలహా ఇవ్వడమైనది' అన్న ఒకే వాక్యం ఇరవై పేర్ల ముందు ఉంటుంది, పక్కన సంతకాలు. అది ఎవరికీ పనికిరాదు. ఆ రోజే నాలుగు లైన్లు, ఎప్పుడు కలిశారు, ఏం చెప్పారు, పిల్లాడు ఏమన్నాడు, ముందేం చెయ్యాలనుకున్నారు అని రాసి, ఇంటి సంగతులు వదిలేసి మిగతాది ఆ పిల్లాడికే మెయిల్ చేస్తే ఇద్దరికీ రక్ష. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదుల కమిటీ పదిహేను పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, దానితో తృప్తి పడకపోతే అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఈ దారి ఉందని లెక్చరరే పిల్లాడికి చెప్పడం మంచిది. తన మీదే ఫిర్యాదు చెయ్యమని చెప్పినట్టుంటుందని చాలామంది వెనకాడతారు గానీ, దారి ఉందని తెలిసినవాడు అక్కడే కూర్చుని అరవడం తగ్గుతుంది.

ఇంత జరిగాక లెక్చరర్ సంగతి ఎవరికీ పట్టదు. మూడో పీరియడ్లో ఒక పిల్ల చనిపోవాలని ఉందని చెప్పి ఏడిస్తే, కౌన్సెలర్ దగ్గర దింపి వచ్చి నాలుగో పీరియడ్లో ఆవిడ ఫోరియర్ సిరీస్ మొదలుపెట్టాలి. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి పదహారు గంటల బోధన, ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే, ఇలాంటి మాటలకి పట్టే టైము అందులో ఎక్కడా కనిపించదు. ల్యాబ్ ఎగ్జామ్‌కో, వాల్యుయేషన్‌కో వెళ్ళినప్పుడు ఆవిడ క్లాసు ఇంకొకరికి అడ్జస్ట్‌మెంట్ పడుతుంది, అదే కాగితం మీద అదే సంతకంతో ఈ నాలుగో పీరియడ్ కూడా పడొచ్చు, దీనికి కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు, యూజీసీ సర్క్యులరూ అక్కర్లేదు, హెచ్ఓడీ ఒప్పుకుంటే చాలు.